ఊరికే తిరిగిన మోటారు

బోడికొండ కొత్తూరుకు మంచినీళ్ళు తోడే మోటారు రెండోసారి కాలిపోయింది. మాల్యాద్రి దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని హుస్సేన్ పీరా మాస్టారి షెడ్డుకు తెచ్చాడు. ఆటో ఆగీ ఆగకముందే దూకి, మాస్టారి ఎదుట నిలబడి, మొక్కు మొక్కినట్టు చెప్పాడు.

"సార్, ఇది మళ్ళీ కాలకుండా చేసిందాకా నేను ఊళ్ళో అడుగు పెట్టను."

మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని మోటారును చూశారు. తర్వాత శిష్యుణ్ణి చూశారు.

"పెట్టబాకలే. ముందు ఆ ఆటో అబ్బాయికి కాసిని మంచినీళ్ళియ్యి," అన్నారు.

మాల్యాద్రిది మామూలు పట్టుదల కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. అయితే ఈసారి ఆ పట్టుదలకు కారణం ఉంది. కొత్తూరు బోర్లలో ఫ్లోరైడు నీళ్ళు. ఆ నీళ్ళు తాగి తాగి ఊళ్ళో పెద్దవాళ్ళలో సగంమందికి నడుములు వంగిపోయాయి. మాల్యాద్రి తల్లి మంగమ్మకు నడుంతోపాటు మెడ కూడా బిగుసుకుపోయింది. కొడుకు మొహం చూడాలంటే ఆమె నాలుగడుగులు వెనక్కి వెయ్యాలి. దగ్గరికొస్తే ఆమెకు కనపడేవి అతని చొక్కా గుండీలే.

వాగు ఒడ్డున ఉన్న బావిలో నీళ్ళు మాత్రం తియ్యగా ఉంటాయి. ఊరంతా ఒకమాట మీద నిలబడి అక్కడ బెల్టు పంపు పెట్టించుకున్నారు. నీళ్ళొచ్చాయి. జనం పండగ చేసుకున్నారు. ఎండలు ముదరగానే మోటారు కాలింది. టౌనుకు తీసుకుపోయి లోపలి తీగ చుట్టించి బిగిస్తే మళ్ళీ కాలింది. సర్పంచి కాశిరెడ్డికి విసుగొచ్చి తేల్చి చెప్పేశాడు.

"ఇంకొక్కసారి కాలిందంటే ఆ బావి మాట నా దగ్గర ఎత్తబాకండి. మన రాత ఇంతే అనుకుని బోరు నీళ్ళే తాగుదాం."

మాల్యాద్రి అక్కకు పసిపిల్ల ఉంది. ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది. ఆ పిల్ల ఎముకలు ఏ నీళ్ళతో గట్టిపడతాయన్నది ఇక ఈ మోటారు చేతిలో ఉంది.

హుస్సేన్ పీరా మాస్టారు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మాల్యాద్రి అక్కడ ఆయన దగ్గరే చదివి, క్లాసులో మొదటివాడిగా బయటికొచ్చాడు. ఆయన రిటైరై దర్గా వెనక రేకుల షెడ్డు వేసుకుంటే, అక్కడికీ వెంటపడి వచ్చాడు. మోటార్లు చుట్టడం, చుట్టడం నేర్పడం ఇప్పుడు మాస్టారి పని. మాట తక్కువ. ఉద్యోగంలో ఉన్నప్పుడే కోటా మొత్తం వాడేశానయ్యా అని నవ్వేవారు.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. చుట్టడం పూర్తయిన ఏ మోటారునైనా బల్లకు బిగించి, ఏ పనికీ తగిలించకుండా, మాస్టారు నమాజు చేసుకుని వచ్చేదాకా ఊరికే తిప్పాలి. అంతసేపూ చుట్టినవాడు పక్కనే నిలబడాలి. కూర్చోకూడదు, సెల్‌ఫోను చూడకూడదు, ఇంకో పని పెట్టుకోకూడదు. శిష్యులు దీనికి తపస్సని పేరు పెట్టుకున్నారు. తపస్సు మోటారుదా మనదా అని చాటున ఒకళ్ళనొకళ్ళు గిల్లుకునేవాళ్ళు.

మాల్యాద్రికి ఈ ఆచారం అసలు గిట్టదు. ఉద్యోగంలేని మనిషినైనా చూడొచ్చుగానీ పనిలేని మోటారును చూస్తూ నిలబడటం ఏం ఖర్మని అతని గొడవ. మాస్టారు మలుపు తిరిగేదాకా వినయంగా నిలబడేవాడు. తిరగ్గానే స్విచ్చి కట్టేసి తీగలు కోసుకుంటూ కూర్చునేవాడు. మాస్టారికి ఇది తెలుసో తెలియదో, ఏనాడూ అడగలేదు.

కొత్తూరు మోటారును అతను ఒంటిచేత్తో చుట్టాడు. ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు. మాడిన తీగ లాగేసి, తీగ కూర్చునే గాళ్ళు శుభ్రంచేసి, కొత్త తీగ ఒక్కో చుట్టూ ఒత్తుగా పేర్చాడు. వార్నీషు పట్టించి ఎండలో ఆరబెట్టి, దానికి కాకి వాలకుండా కాపలా కూడా కాశాడు. బల్ల మీదికెక్కించి తిప్పి చూస్తే తేనెటీగల తుట్టెలా సన్నగా పలికింది. ఆ మధ్యాహ్నం కూడా మాస్టారు నమాజుకు పోగానే స్విచ్చి కట్టేశాడు. అతనికి అంతకన్నా అవసరమైన పని ఉంది. మోటారు ఎందుకు కాలుతోందో లెక్క తేల్చాలి.

సాయంత్రానికి షెడ్డు గోడకున్న నల్లబల్ల నిండిపోయింది.

"కారణం దొరికింది సార్," అన్నాడు మాల్యాద్రి, సుద్ద చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ. "ట్రాన్స్‌ఫార్మర్ ఊళ్ళో ఉంది. బావి వాగు దగ్గరుంది. మధ్యలో అంత పొడుగు తీగ. చివరికొచ్చేసరికి వోల్టేజి చిక్కిపోతోంది. వోల్టేజి తగ్గేకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు లాగుతోంది. ఎక్కువ లాగేకొద్దీ వోల్టేజి ఇంకా తగ్గుతోంది. అట్టా వేడెక్కి వేడెక్కి కాలిపోతోంది."

"బాగుంది. ఏం చేద్దామంటావు?"

"అది లాగే కరెంటులో పని చేసేది కొంతే సార్. మిగతాది ఊరికే వస్తోంది, ఊరికే పోతోంది. దాని వల్ల చుక్క నీళ్ళు పైకి రావు. తీగకు మాత్రం బరువు. దాన్ని లైను ఎక్కనియ్యకూడదు."

ఈ వచ్చిపోయే దానికి పుస్తకాల్లో రియాక్టివ్ పవర్ అని పేరు. మోటారు తిరగాలంటే దాని లోపల అయస్కాంతం పుట్టాలి. అందుకోసం అది కాస్త శక్తి తెచ్చుకుంటుంది. పక్కింట్లో జల్లెడ తెచ్చుకుని, పిండి జల్లించి, వెంటనే ఇచ్చేసినట్టు ఇచ్చేస్తుంది. మరుక్షణం మళ్ళీ తెచ్చుకుంటుంది. ఈ తేవడం, ఇవ్వడం దూరాన ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో జరిగితే మధ్యలో తీగ నలిగిపోతుంది. మోటారు పక్కనే ఒక కెపాసిటర్ పెట్టె పెడితే, ఆ ఇచ్చిపుచ్చుకోవడం గోడ దాటకుండా అక్కడే జరిగిపోతుంది. తీగ తేలికపడుతుంది. ఎంత పెట్టె పెట్టాలన్నదే లెక్క.

మోటారు కాలకముందు బావి దగ్గర తను కొలుచుకున్న అంకెలు మాల్యాద్రి దగ్గర ఉన్నాయి. వోల్టులను, ఆంపియర్లను హెచ్చవేసి, పవర్ ఫ్యాక్టరుతో పని చేసే భాగాన్ని విడదీసి, పని చెయ్యని భాగాన్ని తేల్చాడు. ఏడున్నర కేవీఏఆర్ వచ్చింది; రియాక్టివ్ పవర్‌ను కొలిచేది ఆ కొలతలోనే. నమ్మకం చాలక త్రిభుజం గీసి ఇంకో దారిలో వేశాడు. మళ్ళీ ఏడున్నరే వచ్చింది.

"ఏడున్నరకు ఏడున్నరా పెట్టేస్తాను సార్. ఆ పనికిమాలిన కరెంటు ఒక్క పిసరు కూడా తీగ మీద పోకూడదు."

మాస్టారు నల్లబల్ల దగ్గరికి పోయి లెక్కను పైనుంచి కిందికి, మళ్ళీ కిందనుంచి పైకి చదివారు.

"ఎక్కడా తప్పు లేదబ్బయ్యా," అన్నారు.

మాల్యాద్రి మొహం విప్పారింది. ఆయన నోట ఆ మాట రావడం ఎంత అరుదో అతనికి తెలుసు.

"మోటారును ఊరికే తిప్పావా?" అని అడిగారు మాస్టారు.

"తిప్పాను సార్." అబద్ధమేం కాదు, కాసేపు తిప్పాడు. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఇంకో మాట కలిపాడు. "ఊరికే తిరిగేటప్పుడు దాంట్లో ఏముంటది సార్, కొలుచుకోడానికి?"

మాస్టారు మూలనున్న కెపాసిటర్ పెట్టెలు చూపించారు. అవి షెడ్డులో తయారుచేసుకున్నవే. ఒకటి నాలుగుది, ఇంకోటి మూడున్నరది. రెండూ కలిస్తే ఏడున్నర.

"తెచ్చి తగిలించు. మోటారుతోపాటు తెచ్చావే, ఆ ఇనప చక్రం కూడా ఇరుసుకు ఎక్కించు. ఊళ్ళో ఎట్టా ఉంటదో అట్టానే చూద్దాం."

మాల్యాద్రి ఉత్సాహంగా అన్నీ బిగించాడు. మాస్టారు రెండు పాత బల్బుల్ని ఒకదాని వెంట ఒకటి వరసగా కలిపి, ఆ తీగ కొసలు తన చేత్తోనే మోటారు కొనలకు తగిలించారు.

"ఇవెందుకు సార్?"

"మనకు కళ్ళున్నాయి గదా. వాటికీ కాస్త పని ఉండనియ్యి."

మెయిన్ వేశారు. మోటారు లేచింది. పంపు బెల్టు తిప్పే ఆ పెద్ద ఇనప చక్రం గిర్రున తిరిగింది. బల్బులు రెండూ పచ్చగా నిమ్మళంగా వెలిగాయి. మాల్యాద్రి చేతులు కట్టుకుని, గెలిచిన వాడిలాగే నిలబడ్డాడు. అతని మనసు అప్పటికే ఊరి పొలిమేర దాటేసి, కొళాయి దగ్గరికి చేరుకుంది.

"మీ ఊళ్ళో కరెంటు మాటిమాటికీ పోతుందా?" అన్నారు మాస్టారు.

"పోక? పొలాలకిచ్చే లైను సార్ అది. వాళ్ళిష్టం వచ్చినప్పుడు తీస్తారు, గుర్తొచ్చినప్పుడు ఇస్తారు."

"అయితే ఇప్పుడు పోయిందనుకో."

అంటూనే మాస్టారు మెయిన్ కట్టేశారు.

బల్బులు ఆరలేదు. ఆరకపోగా ఒక్కసారిగా తెల్లగా భగ్గుమన్నాయి. రేకుల కప్పుకున్న తుప్పు మరకలు కూడా కనపడ్డాయి. టప్‌మని ఒక బల్బు పేలింది. దాంతోపాటు రెండోదీ ఆరిపోయింది. గాజు ముక్కలు గలగల రాలాయి. ఇనప చక్రం మాత్రం తనకేమీ తెలియనట్టు తిరుగుతూనే ఉంది.

మాల్యాద్రి ఎగిరి వెనక్కి పడబోయి నిలదొక్కుకున్నాడు. పరుగున మెయిన్ దగ్గరికి పోయి చూశాడు. పిడి కిందికే ఉంది.

"సార్, కరెంటు లేదు!"

"లేదు," అన్నారు మాస్టారు.

"మరి ఇదెట్టా..."

దర్గా వైపు నుంచి మగ్రిబ్ అజా, సాయంత్రం నమాజు పిలుపు, వినిపించింది. మాస్టారు చీపురు తీసుకుని గాజు ముక్కలు ఒక పక్కకు ఊడ్చారు. చీపురు గోడకు ఆనించి, భుజం మీది తువ్వాలు సర్దుకున్నారు.

"ఆగిందాకా దాన్ని ముట్టబాక," అని చెప్పి కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి పోయారు.

మాల్యాద్రి ఆ చక్రం వంకే చూస్తూ నిలబడిపోయాడు. అతనికి భయమేసింది. కరెంటు పోయాక బల్బుల్ని పేల్చినంత వోల్టేజి, తను పువ్వుల్లా పేర్చిన ఆ చుట్ల మీదా పడే ఉంటుంది. ఈ రెండు పెట్టెలూ తీసుకుపోయి బావి దగ్గర బిగించి ఉంటే? కరెంటు పోయిన ప్రతిసారీ ఇదే దెబ్బ. నాలుగు రోజులు తట్టుకునేది, ఐదో రోజు కాలిపోయేది. మూడోసారి మోటారును ఎండలు కాల్చేవి కావు, తక్కువ వోల్టేజి కాల్చేది కాదు, తనే తన చేతుల్తో కాల్చేవాడు. లెక్కలో తప్పు లేకుండా కాల్చేవాడు. అమ్మ మొహం, అక్క పిల్ల మొహం ఒకేసారి గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చక్రం ఆగింది. పెట్టెలకు ముందు బల్బు తగిలించి, లోపల మిగిలిన శక్తిని ఖాళీచేసి, ఆ తర్వాతే చేత్తో ముట్టుకున్నాడు. రెండింటినీ విప్పి పక్కన పెట్టాడు. మీటరుతో చుట్లు పరీక్ష చేశాడు. అవి క్షేమంగానే ఉన్నాయి. గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

ఇక చెయ్యడానికి ఏమీ తోచలేదు. నల్లబల్ల మీద లెక్కను మళ్ళీ చూశాడు. ఏడున్నర ఏడున్నరలాగే ఉంది. అప్పుడు చెయ్యడానికి మిగిలింది ఒక్కటే. మోటారుకు ఏమీ తగిలించకుండా, మెయిన్ వేసి, ఊరికే తిప్పాడు. ఈసారి స్విచ్చి కట్టెయ్యలేదు. పక్కన నిలబడ్డాడు.

మొదట్లో అతని కళ్ళు తలుపు మీదికీ సుద్ద మీదికీ పోయాయి. తర్వాత వేరే దిక్కు లేక బల్లకు తగిలించిన మీటర్ల మీదికి వచ్చాయి. వాట్‌మీటరు ముల్లు నిద్రలో ఒత్తిగిలినట్టు కాస్త కదిలి అక్కడే ఆగిపోయింది. అది మామూలే. పని లేదు గనక వాట్లు లేవు. పక్కన ఆంపియర్ల మీటరు చూశాడు. ఆరు ఆంపియర్లు చూపిస్తోంది.

మాల్యాద్రి ముందుకు వంగి చూశాడు. ఆరే.

ఏ పనీ చెయ్యని మోటారు ఆరు ఆంపియర్లు ఏం చేసుకుంటోంది? తెచ్చుకుంటోంది, ఇచ్చేస్తోంది. తన లోపలి అయస్కాంతాన్ని నిలబెట్టుకుంటోంది. పాలిటెక్నిక్‌లో ఈ ముక్క పరీక్షలో రాసి నూటికి నూరు తెచ్చుకున్నాడు. కానీ ఇంతసేపు ఒక మోటారు ఎదుట నిలబడి, అది తన కోసం ఎంత తీసుకుంటుందో ఎన్నడూ చూడలేదు. పని చేస్తున్నప్పుడు కొలిచాడు గనక పనికి అయ్యేదీ మోటారు సొంతానికి అయ్యేదీ కలిసిపోయి కనపడ్డాయి. పని తీసేస్తే మిగిలింది ఈ ఆరే.

అజా ఆగిపోయి చాలాసేపయింది. దర్గా ఆవరణలో ఎవరో పిల్లల్ని కేకేస్తున్నారు. షెడ్డులో మోటారు ఒకే స్వరం మీద పాడుతోంది. మాల్యాద్రి కాళ్ళు నొప్పెడుతున్నా కదల్లేదు. అతనికి ఎవరో మనిషి పక్కన నిలబడ్డట్టే అనిపించింది. మొదటిసారి ఆ మోటారు మీద జాలిలాంటిది కలిగింది.

మాస్టారు వచ్చేసరికి నల్లబల్ల మీద పాత లెక్క పక్కనే కొత్త లెక్క చేరింది: ఆరు ఆంపియర్లకు నాలుగూ చిల్లర కేవీఏఆర్. ఆయన స్టూలు మీద కూర్చున్నారు. మాల్యాద్రి నాలుగుది ఒక్క పెట్టే తగిలించి, కొత్త బల్బులు పెట్టి, మోటారు తిప్పాడు. మెయిన్ కట్టేశాడు.

బల్బులు భగ్గుమనలేదు. ఒత్తి తగ్గించిన లాంతరులాగా మెల్లగా ఎర్రబడి, ఇంకా ఎర్రబడి, ఆరిపోయాయి.

"ఎంతది?" అన్నారు మాస్టారు.

"నాలుగు సార్."

"బోర్డు మీద ఏడున్నర ఉంది."

"అది పని చేసేటప్పటి లెక్క సార్. కరెంటు పోయిన క్షణంలో పనీ ఉండదు, లైనూ ఉండదు. పెట్టె, చక్రం ఊపుకు ఇంకా తిరిగే మోటారు ఇద్దరే మిగుల్తారు; ఆ ఊపుతో మోటారే కరెంటు పుట్టిస్తది. మోటారు తనంతట తను తీసుకోగలిగింది నాలుగూ చిల్లర. అంతకన్నా పెట్టెలో ఎంత ఎక్కువుంటే అంతా దాని నెత్తిన పడుద్ది."

"మరి మిగిలిన మూడున్నర?"

ఆ మూడున్నర వదిలెయ్యడానికి మాల్యాద్రికి ప్రాణం ఒప్పడంలేదు. చెయ్యలేనిది వదులుకోవడం వేరు. చెయ్యగలిగి ఉండి, పెట్టె చేతిలో ఉండి, ఆపుకోవడం వేరు.

"లైను మోస్తది సార్. లెక్క వేసి చూశాను, మోయగలదు. వోల్టేజి కూడా చాలినంత నిలబడుద్ది," అన్నాడు చివరికి. తడిగుడ్డ తీసుకుని ఏడున్నర లెక్కను తుడవబోయాడు.

"తుడవబాక," అన్నారు మాస్టారు. "అది తప్పు కాదు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బావి దగ్గరికి బయల్దేరారు. మాల్యాద్రి ఆటోలో మోటారు పక్కన నాలుగు కేవీఏఆర్ పెట్టె పెట్టాడు. గోనెసంచి కింద మూడున్నరది కూడా దాచిపెట్టుకున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఒక్క సాయంత్రానికి పోతుందా? ఏమో, అవసరం పడొచ్చని తనకు తను చెప్పుకున్నాడు. మాస్టారు ఆ గోనెసంచి మీదే కాళ్ళు పెట్టుకుని దారి పొడుగునా పొలాలు చూస్తూ వచ్చారు.

బావి దగ్గర కాశిరెడ్డితో పాటు ఊళ్ళో మగవాళ్ళంతా చేరి ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటంలేదు. రెండుసార్లు ఆశపడి భంగపడ్డ జనం వాళ్ళు. మాల్యాద్రి మోటారు బిగించి, బెల్టు ఎక్కించి, పెట్టె తగిలించి, వరస బల్బులు వేలాడదీసి, స్టార్టరు నొక్కాడు. మోటారు అందుకుంది. పైపు రెండుసార్లు దగ్గి నీళ్ళు కక్కింది. మీటరు పెట్టి చూస్తే తీగ మీద కరెంటు మునుపటికన్నా బాగా తగ్గింది. వోల్టేజి పైకొచ్చింది. అరచెయ్యి మోటారు వీపు మీద పెట్టి చాలాసేపు ఉంచాడు. గోరువెచ్చగా ఉంది, అంతే.

ఎండ నెత్తికెక్కాక కరెంటు దానంతట అదే పోయింది. అందరి చూపూ బల్బుల మీదికి పోయింది. అవి మెల్లగా ఎర్రబడి ఆరిపోయాయి. కరెంటు వచ్చింది, మోటారు మళ్ళీ అందుకుంది.

అప్పుడు కాశిరెడ్డి కన్ను ఆటోలోని గోనెసంచి మీద పడింది. ఎత్తి చూశాడు.

"ఇదేందయ్యా, ఇంకో పెట్టె ఉండాదే! ఇది కూడా తగిలించు. ఒకదానికే ఇంత బాగా నడిస్తే రెండింటికీ ఇంకెంత బాగా నడవాల!"

మాల్యాద్రికి సిగ్గేసింది. మాస్టారి వైపు చూశాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలో ఎగిరే కొంగల్ని చూస్తున్నారు.

"వద్దు కాశిరెడ్డన్నా," అన్నాడు మాల్యాద్రి. "దానికి ఇది చాలు."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని అతనికే వింతగా ఉంది. పెట్టెను మళ్ళీ గోనెసంచిలో చుట్టి సీటు కిందికి నెట్టాడు.

నీళ్ళు ఊళ్ళో కొళాయికి చేరేసరికి ఆడవాళ్ళు బిందెలతో వరస కట్టేశారు. మాల్యాద్రి మాస్టారిని వెంటబెట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. వరసలో మూడోది మంగమ్మ. చిన్న స్టీలు బిందె ఒకటి నడుముకు ఆనించుకుని, నేలను చూస్తూ నిలబడి ఉంది. నీళ్ళ చప్పుడు వింటూ నవ్వుకుంటోంది.

మాల్యాద్రి ఆగలేకపోయాడు. గబగబా పోయి ఆమె చేతిలో బిందె లాక్కుని, కొళాయి కింద పెట్టి, పొర్లిపోయేదాకా నింపి, భుజానికెత్తుకున్నాడు.

"పోయి అరుగు మీద కూర్చోమా. ఇయ్యాల్టినుంచి నువ్వు బిందె ముట్టబాక. నీళ్ళన్నీ నేనే మోస్తా."

మంగమ్మ కదల్లేదు. అతని చొక్కా అంచు పట్టుకుంది.

"దించరా," అంది.

"నీకెందుకమ్మా ఈ బరువు?"

"ఎన్నాళ్ళకొచ్చినయ్యిరా ఈ నీళ్ళు! ఒక్క బిందె నన్ను ఇంటికి తీసుకుపోనియ్యవా? వంగింది నడుమేగా, చేతులు పడిపోలేదు గదా." కోపం రాలేదు ఆమెకు, బతిమాలుకుంటోంది. "మీ అక్క పిల్లకు ఈ నీళ్ళు నా చేత్తో తాపించాలనుండాది. నువ్వు చంకనెత్తి పెట్టు, చాలు."

వరసలో ఆడవాళ్ళు మాటలాపి చూస్తున్నారు. మాస్టారు కల్వర్టు గట్టు మీద కూర్చుని, చెప్పులో ఇరుక్కున్న రాయి తీసుకుంటున్నారు.

మాల్యాద్రి బిందె దించాడు. మోకాళ్ళ మీద కూర్చుని తల్లి మొహంలోకి చూశాడు.

"ఎంత ఉంచమంటావమ్మా?"

మంగమ్మ బిందె మీద వేలు పెట్టి చూపించింది. సగానికి కాస్త పైన. అతను అక్కడిదాకా ఉంచి, మిగతావి పక్కామె బిందెలో పోశాడు. లేచి, బిందెను రెండు చేతుల్తో ఎత్తి, ఆమె చంకకు అందేదాకా తెచ్చి పట్టుకున్నాడు. మంగమ్మ చెయ్యి చుట్టూ వేసి, అటూ ఇటూ కదిలించి సర్దుకుంది.

"ఊఁ, ఇంక వదులు."

వదిలాడు. ఆమె ఒక అడుగు వేసి ఆగింది. బరువు కుదిరాక, మెల్లగా, ఒక్క చుక్క ఒలకకుండా ఇంటివైపు నడుచుకుంటూ పోయింది. మాల్యాద్రి చేతులు ఇంకా ముందుకు చాచే ఉన్నాయి. ఆమె సందు మలుపు తిరిగాక దించుకున్నాడు.

మాస్టారు చెప్పు తొడుక్కుని లేచారు.

"ఇప్పుడు కుదిరిందబ్బయ్యా లెక్క," అన్నారు.